ఫోనులో బాగున్న ఫోటో ప్రింటులో ఎందుకు పాడవుతుంది?

ప్రింటు చెడితే ముందుగా కెమెరాను, తర్వాత ప్రింటరును అనుమానిస్తాం. నేను చూసినంతలో తప్పు చాలాసార్లు ఆ రెండింటి మధ్య, ఫైలు నడిచిన దారిలో ఉంటుంది.

సమస్య: ఫోనులో స్పష్టంగా ఉంది, కాగితం మీద మసకబారింది

ఫైలు వివరాలు తెరిచి పిక్సెళ్లు ఎన్నో చూడండి. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండటం మేలు. అంటే 4×6 అంగుళాలకు 1200×1800, 8×10కి 2400×3000 కావాలి. మీ ఫైలులో అంతకంటే బాగా తక్కువ ఉంటే, అది బహుశా ఏదో మెసేజింగ్ యాప్‌లోంచి వచ్చినది. పంపేటప్పుడు ఇలాంటి యాప్‌లు సాధారణంగా ఫోటో కొలత తగ్గించి, జేపెగ్‌ను (ఫోటోలను కుదించి దాచే ఫార్మాట్) ఇంకా కుదిస్తాయి. చిన్న తెర మీద ఆ నష్టం కనబడదు.

ఫోటో తీసినవారినే అడిగి, అసలు ఫైలును ‘డాక్యుమెంటు’గా జతచేసి పంపమనండి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నా సరే. చేతిలో ఉన్న చిన్న ఫైలును వివరం పోకుండా దాచే పీఎన్‌జీ, టిఫ్ ఫార్మాట్లలోకి మారిస్తే బరువు పెరుగుతుందే తప్ప, పోయిన వివరం తిరిగి రాదు. ఫైలు వివరాల్లో ‘72 డీపీఐ’ (అంగుళానికి 72 చుక్కలు) అని కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. అది ఫైలుకు తగిలించిన చీటీ మాత్రమే. లెక్కలోకి వచ్చేది పిక్సెళ్ల సంఖ్యే.

సమస్య: పిక్సెళ్లు సరిపోయాయి, అయినా ఆకాశంలో గళ్లు, అంచుల చుట్టూ మరకలు

ఇది జేపెగ్‌ను పదేపదే దిద్ది సేవ్ చేసినందువల్ల వచ్చే జబ్బు. జేపెగ్ ఫోటోను 8×8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి, ప్రతి గడిలోనూ కంటికి అంతగా ఆనని వివరాన్ని వదిలేస్తుంది. తెరిచి చూసినా, కాపీ చేసినా ఏ నష్టమూ లేదు. దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ మాత్రం మళ్లీ కొంత పోతుంది. ఈరోజు వెలుతురు పెంచి, రేపు అంచులు కత్తిరించి, ఎల్లుండి రంగు మార్చి సేవ్ చేస్తే మూడుసార్లు పోయినట్టే.

అసలు ఫైలును ముట్టుకోకండి. దాని నకలును 16 బిట్ల (రంగును ఎక్కువ మెట్లలో దాచే) టిఫ్‌గానో, మీరు వాడే ఎడిటరు సొంత ఫార్మాట్‌లోనో దాచి దానిమీదే పని చేయండి. అంతా అయ్యాక చివర్లో ఒక్కసారి, నాణ్యత 90కి తగ్గకుండా జేపెగ్ తీయండి. ఇప్పటికే చెడిపోయినదానికి అసలు ఫైలును వెతకడమే మందు. ఇక లేని మనిషి ఫోటో ఒక్కటే మిగిలి, దాన్ని స్కాన్ చేస్తున్నప్పుడైతే దయచేసి టిఫ్‌లోనే దాచండి. డిస్కులో చోటు మళ్లీ కొనుక్కోవచ్చు, ఆ ముఖాన్ని కొనలేం.

సమస్య: రంగులు వెలిసిపోయాయి

ఫైలు అడోబీ ఆర్‌జీబీ అనే విశాలమైన రంగుల కొలమానంలో ఉండి, ప్రింటు తీసే యంత్రమో ఫోటో చూపే యాపో దాన్ని మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ కొలమానం అనుకుంటే రంగులు ఇలాగే పాలిపోతాయి. ఎడిటరులో ప్రొఫైల్‌ను (రంగులు ఏ కొలమానంలో ఉన్నాయో చెప్పే సమాచారం) ఎస్‌ఆర్‌జీబీకి ‘కన్వర్ట్’ చేసి, ఆ ప్రొఫైల్‌ను ఫైలులో పొదిగి పంపండి. ‘అసైన్’ నొక్కితే కొలమానం పేరు మారుతుంది కాని ఫైలులోని రంగుల అంకెలు మారవు, కాబట్టి రంగులు ఇంకా తప్పుతాయి. ప్రింటు తీసేవారు అడగనిదే సీఎంవైకేలోకి (అచ్చుకు వాడే నాలుగు సిరాల పద్ధతి) మార్చవద్దు. రంగులు సరిగానే ఉండి ఫోటో చీకటిగా మాత్రమే వచ్చిందా? అది ఫార్మాట్ తప్పు కాదు. తెర వెలుగు మరీ ఎక్కువ పెట్టుకుని దిద్ది ఉంటారు.

సమస్య: ఫైలు తెరుచుకోవడమే లేదు

2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో ఫోటోలు దాచుకోగలుగుతున్నాయి. పాత కంప్యూటర్లు కొన్ని దాన్ని చదవలేవు. పేరు చివర జేపీజీ అని రాస్తే లోపలి సరుకు మారదు. ఫోటోల యాప్ నుంచి జేపెగ్‌గా ఎగుమతి చేయాలి. ఇకపై ఈ చిక్కే వద్దనుకుంటే కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్ తెరిచి ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకోండి.

సమస్య: ఫైలు మరీ బరువు

ఫోటోను పీఎన్‌జీగా దాచి ఉంటారు. జేపెగ్‌గా పంపండి. అయితే స్క్రీన్‌షాట్లు, అక్షరాలున్న బొమ్మలు పీఎన్‌జీలోనే బాగుంటాయి. వెనుకభాగం పారదర్శకంగా ఉండాల్సిన బొమ్మనైతే జేపెగ్ చేయకండి. ఆ ఫార్మాట్‌కు పారదర్శకత లేదు, ఖాళీ ఉన్నచోటల్లా తెలుపో నలుపో నిండిపోతుంది.