డాలర్ రేటు చార్టుకు ఇండికేటర్లు ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి?

చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి తోతాపురి మామిడి గుజ్జు డ్రమ్ములు గల్ఫ్‌కూ యూరప్‌కూ వెళ్తాయి. కుప్పం నుంచి గ్రానైట్ వెళ్తుంది. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీకి ఫ్యాక్టరీ విడిభాగాలు బయటి దేశాల నుంచి దిగుతాయి. వీటి బిల్లులు చాలావరకు డాలర్లలోనే ఉంటాయి. 20,000 డాలర్ల బిల్లు మీద రేటు అర్ధ రూపాయి కదిలితే పదివేల రూపాయల తేడా. ఆ తేడాను కాస్తయినా అదుపులో పెట్టుకుందామని కరెన్సీ ఫ్యూచర్స్ (ముందు తేదీకి డాలర్ రేటును ఇవాళే ఖాయం చేసుకునే ఒప్పందాలు) చార్టు తెరిచేవాళ్లకు మొదట కనిపించేది వందకు పైగా ఇండికేటర్ల (పాత ధరల నుంచి లెక్కగట్టి చార్టు మీద చూపే గీతలు, అంకెలు) జాబితా. అందులో మీకు కావలసినవి మూడు, మహా అయితే నాలుగు.

ముందు చట్టం సంగతి

ఇండికేటర్ల కంటే ముందు తేల్చుకోవలసింది ఇదే. మన దేశంలో కరెన్సీ ఫ్యూచర్స్ ఎన్ఎస్ఈ లాంటి గుర్తింపు ఉన్న ఎక్స్ఛేంజీలోనే, మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదైన బ్రోకర్ ద్వారానే చేయాలి. ఎన్ఎస్ఈలో డాలర్–రూపాయి ఫ్యూచర్స్ 2008 ఆగస్టు 29న మొదలయ్యాయి. 2024 జనవరి 5న రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది, అది 2024 మే 3 నుంచి అమల్లోకి వచ్చింది. దాని సారాంశం: రూపాయితో ముడిపడిన కాంట్రాక్టు తీసుకునేవాళ్లకు ఆ మేరకు నిజమైన విదేశీ మారక లావాదేవీ ఉండాలి. 10 కోట్ల డాలర్ల వరకు కాగితాలు ముందుగా చూపించనక్కర్లేదు. అంతమాత్రాన లావాదేవీ లేకపోయినా పర్లేదని కాదు. అడిగితే చూపించగలగాలి. అంటే ఎగుమతి ఆర్డరో, దిగుమతి బిల్లో లేకుండా ఊరికే పందెం కాయడానికి ఇక్కడ తావు లేదు.

టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే విదేశీ ఫారెక్స్ యాప్‌ల జోలికి అసలే వెళ్లకండి. అనుమతి లేని ప్లాట్‌ఫామ్‌ల జాబితాను రిజర్వ్ బ్యాంక్ తన వెబ్‌సైట్‌లో ఉంచుతోంది. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని కూడా అక్కడే చెప్పింది. వాటిలో ట్రేడ్ చేసినవాళ్ల మీదా విదేశీ మారకాన్ని నియంత్రించే ఫెమా చట్టం కింద చర్య తీసుకోవచ్చు.

1. కాంట్రాక్టు కొలతలు చేతికి తెచ్చుకోండి

ఫ్యూచర్స్‌ను లాట్‌ల లెక్కన కొంటారు, అమ్ముతారు. ఒక లాట్ అంటే 1,000 డాలర్లు. రేటు కదిలే కనీస మెట్టు 0.0025 రూపాయలు, అంటే పావు పైసా. లాట్‌కు రెండున్నర రూపాయలు. రేటు ఒక పైసా కదిలితే లాట్‌కు పది రూపాయలు. ఈ ఒక్క లెక్క నోటికి వస్తే తర్వాతివన్నీ సులువు.

మార్కెట్ ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు. నెలలో చివరి పనిదినానికి రెండు పనిదినాల ముందు, మధ్యాహ్నం 12:30కు కాంట్రాక్టు ముగుస్తుంది. డాలర్లు చేతికి రావు, ఆ రోజుకు అధికారికంగా ప్రకటించే రెఫరెన్స్ రేటు ప్రకారం రూపాయల్లోనే లెక్క తేలుతుంది. ఎగుమతిదారు భయం డాలర్ పడిపోతుందని, కాబట్టి ఫ్యూచర్స్ అమ్ముతాడు. దిగుమతిదారు కొంటాడు. ఇది తిరగేసినవాళ్లు నష్టాన్ని రెండింతలు చేసుకుంటారు.

2. ప్రశ్న ముందు, ఇండికేటర్ తర్వాత

చార్టును అడగాల్సినవి మూడే. రేటు ఎటు పోతోంది? ఆ పోకలో బలం ఉందా? రోజుకు మామూలుగా ఎంత ఊగుతోంది? ఒక్కో ప్రశ్నకు ఒక్క ఇండికేటర్ చాలు.

దిశకు 20 రోజుల, 50 రోజుల ఈఎంఏలు (కొత్త ధరలకు ఎక్కువ బరువిచ్చే సగటు ధర గీతలు). బలానికి ఏడీఎక్స్ 14 (పోక ఎంత బలంగా ఉందో చెప్పే అంకె; 14 అంటే 14 రోజుల లెక్క). ఊపుకు ఏటీఆర్ 14 (రోజువారీ ఊపు సగటు). కావాలంటే వీటి పక్కన ఆర్‌ఎస్‌ఐ 14 (పెరుగుదలనూ తగ్గుదలనూ పోల్చే అంకె).

చాలామంది చేసేది వేరు. ఆర్‌ఎస్‌ఐ, స్టోకాస్టిక్, విలియమ్స్ పర్సెంట్ ఆర్ మూడూ పెట్టుకుని, మూడూ ఒకే మాట చెబుతున్నాయని ధైర్యం తెచ్చుకుంటారు. మూడూ ఇటీవలి ధరలతో పోల్చి ముగింపు ధర ఊపును చెప్పేవే. ఒకే సాక్షి మూడుసార్లు కోర్టు మెట్లెక్కితే ముగ్గురు సాక్షులైపోరు. ఎంఏసీడీ సంగతీ అంతే: అది 12, 26 ఈఎంఏల మధ్య తేడా. ఈఎంఏలు ఇప్పటికే చార్టులో ఉంటే అది కొత్తగా చెప్పేది కొంచెమే.

3. చార్టు సరిగ్గా పెట్టుకోండి

ఇక్కడ జరిగే పొరపాట్లు బయటికి కనిపించవు. మీరు ట్రేడ్ చేసేది ఫ్యూచర్స్ అయితే స్పాట్ (ఇప్పటి రేటుకు జరిగే లావాదేవీల) చార్టు మీద గీతలు గీయొద్దు. మన వడ్డీ రేట్లు అమెరికా కంటే ఎక్కువగా ఉన్నంతకాలం తర్వాతి నెల కాంట్రాక్టు ధర కాస్త పైనే ఉంటుంది. ఈ నెలది 85.20, వచ్చే నెలది 85.35 అనుకుందాం. కాంట్రాక్టు మారిన రోజు నిరంతర చార్టులో (నెలనెలా కాంట్రాక్టులను వరుసగా అతికించి చూపేది) 15 పైసల గెంతు కనిపిస్తుంది. మార్కెట్ నిజంగా కదిలింది లేదు. అయినా ఈఎంఏ, ఏటీఆర్ రెండూ దాన్ని మింగేసి మీకు తప్పు లెక్క చెబుతాయి. చార్టు సెట్టింగ్స్‌లో కాంట్రాక్టు మార్పును సర్దుబాటు చేసే వీలుంటే ఆన్ చేయండి. లేకపోతే కాంట్రాక్టు మారిన వారం ఏటీఆర్‌ను నమ్మకండి.

వాల్యూమ్ (లావాదేవీల పరిమాణం) ఇండికేటర్లు స్పాట్ చార్టు మీద వాడకండి. ప్రపంచ కరెన్సీ స్పాట్ మార్కెట్‌కు ఒకే ఎక్స్ఛేంజీ లేదు, మొత్తం వాల్యూమ్ లెక్క ఎవరి దగ్గరా లేదు. అక్కడ చూపించేది ధర ఎన్నిసార్లు మారిందన్న లెక్క, అదీ ఆ ఒక్క వేదికది.

కాలపరిమితి రోజువారీ క్యాండిల్ (ఒక రోజు ధరల కదలికను చూపే గుర్తు). రెండు నెలల్లో రావాల్సిన బిల్లుకు అయిదు నిమిషాల చార్టుతో పనేముంది?

4. ఈఎంఏ, ఏడీఎక్స్ కలిపి చదవడం

20 రోజుల ఈఎంఏలో ఇవాళ్టి ధరకు బరువు 2ను 21తో భాగించినంత, అంటే సుమారు 9.5 శాతం. 50 రోజులదానిలో 3.9 శాతం. అందుకే మొదటిది తొందరగా తిరుగుతుంది, రెండోది నింపాదిగా. రేటు రెండింటి పైనా, 20 గీత 50 గీత పైనా ఉంటే డాలర్ ఎగువకు. అన్నీ తిరగబడి ఉంటే దిగువకు. కలగాపులగంగా ఉంటే దిశ లేదు.

దిశ లేని కాలం రూపాయి చార్టులో చాలా ఎక్కువ. కారణం రిజర్వ్ బ్యాంక్. రేటు మరీ ఎగిరితే డాలర్లు అమ్ముతుంది, మరీ పడితే కొంటుంది. 2022లో డాలర్ 74 రూపాయల దగ్గర మొదలై అక్టోబరుకు 83 తాకింది. ఆ ఏడాది ఈఎంఏ పట్టుకున్నవాళ్లకు దారి స్పష్టంగా ఉంది. 2023లో ఎక్కువ భాగం 81, 83 మధ్యే తిరిగింది. ఒకే సూత్రం ఒక ఏడాది లాభం చూపి, మరో ఏడాది కొద్దికొద్దిగా కొరుక్కు తినేది ఇందుకే.

ఈ తేడా చెప్పేందుకే ఏడీఎక్స్. అది ఎటు అన్నది చెప్పదు, బలం ఎంతో చెబుతుంది. 25 పైన ఉంటే ఈఎంఏ మాట వినండి. 20 కింద ఉంటే ఈఎంఏ గీతలను రేటు దాటినా పట్టించుకోకండి. మధ్యలో ఉంటే తొందరపడొద్దు.

5. ఏటీఆర్: అందరూ వదిలేసేది, అన్నిటికంటే పనికొచ్చేది

ఒక రోజు గరిష్ఠం, కనిష్ఠం మధ్య దూరాన్ని, నిన్నటి ముగింపు నుంచి వచ్చిన గ్యాప్‌తో సహా లెక్కగట్టి, 14 రోజుల సగటు తీస్తే ఏటీఆర్. దీన్నీ, ఏడీఎక్స్, ఆర్‌ఎస్‌ఐలనూ తయారుచేసింది అమెరికాకు చెందిన వెల్స్ వైల్డర్. 14 అన్న అంకె 1978లో ఆయన ఇచ్చిందే.

ఏటీఆర్‌తో రెండు పనులు. మొదటిది, దొంగ సంకేతాలను వడగట్టడం. రేటు ఈఎంఏ కింద రెండు పైసలు దూరి ముగిస్తే అది లెక్కలోకి రాదు. కనీసం సగం ఏటీఆర్ దూరంలో ముగియాలి. ఏటీఆర్ 20 పైసలైతే, గీతకు 10 పైసలు అవతల.

రెండోది చేతిలో నగదు లెక్క. ఫ్యూచర్స్‌లో లాభనష్టాలు ఏ రోజుకారోజు తేలిపోతాయి. మీరు 20 లాట్లు అమ్మి ఉంటే, 20 పైసల ఏటీఆర్ అంటే మామూలు రోజునే 4,000 రూపాయలు అటూ ఇటూ. డాలర్ రూపాయి పెరిగితే 20,000 రూపాయలు మీ ఖాతాలోంచి పోతాయి. బిల్లు వచ్చినప్పుడు ఆ రూపాయి మీకు తిరిగి దొరుకుతుంది, నిజమే. కానీ బిల్లు రెండు నెలల తర్వాత, బ్రోకర్ అడిగేది మర్నాడే. సీజన్‌లో రైతుకూ లారీకీ కట్టాల్సిన డబ్బు అప్పుడే ఉంటుంది కాబట్టి చాలామంది ఇక్కడే చేతులెత్తేసి, హెడ్జ్‌ను (రేటు తేడా నుంచి కాపాడే ఈ ఏర్పాటును) సరిగ్గా తప్పు రోజున తెంచుకుంటారు. మార్జిన్ (బ్రోకర్ దగ్గర కట్టే పూచీ సొమ్ము) కాకుండా, అయిదు ఏటీఆర్‌లకు సరిపడా నగదు విడిగా ఉంచుకోండి.

6. ఆర్‌ఎస్‌ఐని ఎంతవరకు నమ్మాలి

14 రోజుల్లో పెరిగిన రోజుల సగటు పెరుగుదల 6 పైసలు, తగ్గిన రోజుల సగటు తగ్గుదల 4 పైసలు అనుకోండి (రెండు సగటులూ 14తోనే భాగించాలి). నిష్పత్తి 1.5, ఆర్‌ఎస్‌ఐ 60 (మొత్తం 10 పైసల్లో పెరుగుదల వాటా 6). 70 దాటితే అమ్మాలి, 30 దిగితే కొనాలి అన్నది అందరికీ తెలిసిన సూత్రం. బలమైన ఎగువ పోకలో అది వారాల తరబడి 70 దగ్గరే కూర్చుంటుంది. ఏడీఎక్స్ 20 కింద ఉన్నప్పుడే ఆ 70, 30 సూత్రానికి విలువ. లేనప్పుడు దాన్ని చార్టు నుంచి తీసేసినా నష్టం లేదు.

7. ఒక బిల్లు మీద అమలు

గుజ్జు ఎగుమతిదారుకు 60 రోజుల్లో 20,000 డాలర్లు రావాలి. 20 లాట్లు.

ఆర్డర్ ఖరారైన రోజే 10 లాట్లు అమ్మేయండి, చార్టు చూడకుండా. ఇండికేటర్ తప్పితే మునిగేది సగమే కావాలి. మిగతా 10 లాట్లకే చార్టు. రేటు 20 ఈఎంఏ కింద సగం ఏటీఆర్ దూరంలో ముగిస్తే 5 అమ్మండి. 50 ఈఎంఏ కింద అలాగే ముగిస్తే మిగతా 5. మొదటి రోజే రేటు రెండు గీతల కింద ఉంటే మొత్తం 20 అప్పుడే. ఏడీఎక్స్ 20 కింద ఉంటే గీతలను మర్చిపోయి, ప్రతి సోమవారం రెండేసి లాట్లు. డబ్బు రావాల్సిన రోజుకు 15 రోజుల ముందు ఇంకా ఏమైనా మిగిలి ఉంటే, చార్టు ఏం చెప్పినా అమ్మేయాలి. దిగుమతిదారు ఇదంతా తలకిందులుగా చేయాలి: కొనడం, గీత పైన ముగింపు చూడడం.

సంకేతం అంటే 5 గంటలకు ముగిసిన క్యాండిల్ మాత్రమే. మధ్యాహ్నం కిందికి దూరిన రేటు సాయంత్రానికి పైకి రావడం మామూలే. ఆర్డర్ మర్నాడు ఉదయం, లిమిట్ ధరతో (మీరు చెప్పిన ధరకు లేదా అంతకంటే మేలైన ధరకే). 2024 నిబంధన తర్వాత ఈ మార్కెట్‌లో లావాదేవీలు బాగా తగ్గాయి. దూరపు నెలల్లో కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా పెద్దది. దొరికిన ధరకే అయిపోయే మార్కెట్ ఆర్డర్ కొడితే ఆ తేడా మీ జేబులోంచే. దగ్గరి నెలలో పెట్టుకుని నెలనెలా జరుపుకోవడం మేలు.

8. చార్టుకు తెలియని గంటలు

మన మార్కెట్ 5కు మూసేస్తుంది. అమెరికా ధరల సూచీ, ఉద్యోగాల లెక్కలు మన సమయం ప్రకారం వాళ్ల వేసవిలో సాయంత్రం 6కు, చలికాలంలో 7కు వస్తాయి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ నిర్ణయం రాత్రి 11:30కు, చలికాలంలో 12:30కు. ఇవన్నీ మూసిన తలుపు వెనక జరిగి, మర్నాడు 9 గంటలకు గ్యాప్‌గా తెరుచుకుంటాయి. స్టాప్‌లాస్ (నష్టం ఆపడానికి ముందే పెట్టిన ఆర్డర్) పెట్టిన ధర దగ్గర అమలు కాదు, తెరిచిన ధర దగ్గర అమలవుతుంది. రిజర్వ్ బ్యాంక్ పరపతి కమిటీ నిర్ణయం మాత్రం మార్కెట్ నడుస్తుండగా, ఉదయం 10కి వస్తుంది. ఆ రోజు నిర్ణయం వెలువడి గంట గడిచేదాకా కొత్త ఆర్డర్ పెట్టకపోవడం ఉత్తమం.

9. పాత చార్టు మీద పరీక్ష

కనీసం 2022, 2023 రెండింటి మీదా మీ సూత్రాన్ని చేత్తో నడిపి చూడండి. ఒకటి పరుగు, ఇంకొకటి నడక. తర్వాత 20కి బదులు 15, 25 పెట్టి చూడండి. ఫలితం కాస్త మారితే ఫరవాలేదు. 20కి లాభం, 25కి భారీ నష్టం వస్తే మీరు కనిపెట్టింది సూత్రం కాదు, ఆ ఏడాదికి అతికిన అంకె. బ్రోకరేజీ, కొనే–అమ్మే తేడా కలిపి రేటులో కనీసం రెండు పైసలైనా (లాట్‌కు ఇరవై రూపాయలు) తీసేసి లెక్కవేయండి.

10. డబ్బు వచ్చిన రోజు

కాంట్రాక్టు ముగియడానికి మూడు నాలుగు రోజుల ముందే ఈ నెల లాట్లు కొని మూసి, వచ్చే నెలవి అమ్మండి. రెండు నెలల మధ్య స్ప్రెడ్ ఆర్డర్ ఉంటే రెండూ ఒకేసారి అయిపోతాయి. కొనుగోలుదారు నుంచి డాలర్లు దిగిన రోజు బ్యాంకులో రేటు ఖరారు చేసిన గంటలోపే ఆ మేరకు లాట్లు మూసేయండి. డాలర్లు అమ్మేసి లాట్లు అలాగే వదిలితే అది ఇక హెడ్జ్ కాదు, పందెం. దాని వెనక లావాదేవీ లేదు కాబట్టి నిబంధనకూ విరుద్ధం. బిల్లులో 15,000 డాలర్లే వచ్చి మిగతాది వాయిదా పడితే 15 లాట్లే మూసి, కొత్త తేదీ రాసి ఉన్న మెయిల్‌ను ఆ బిల్లు ఫైలులో పెట్టుకోండి.