వానాకాలంలో అండమాన్: గదులు ముందే బుక్ చేయకండి

డిసెంబర్, జనవరిల్లో అండమాన్ వెళ్దామంటే విమానం టికెట్ చూసే సరికే సగం ఉత్సాహం చచ్చిపోతుంది. మేం ఈసారి జులైలో వెళ్ళాం. టికెట్ రెండు నెలల ముందే తీసుకున్నాం కానీ, గది మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) మొదటి రాత్రికే బుక్ చేశాం. హేవ్‌లాక్, నీల్ దీవుల్లో జెట్టీ దిగాక రెండు మూడు చోట్ల గది చూసి బేరమాడాం. "రెండు రాత్రులు ఉంటాం, టిఫిన్ కలిపి ఎంతకిస్తారు?" అని అడిగితే దాదాపు అందరూ తగ్గించారు. సీజన్‌లో ఈ మాట ఎవరూ వినిపించుకోరట.

దీవుల మధ్య ప్రైవేట్ క్రూయిజ్ బదులు ప్రభుత్వ ఫెర్రీ ఎక్కితే ఖర్చు బాగా తగ్గుతుంది. గంట ఆలస్యమైతే అవుతుంది, ఏసీ సోఫాలూ ఉండవు. ఆధార్ దగ్గర పెట్టుకోండి, టికెట్‌కి అడుగుతారు. అక్కడ పొద్దు ఐదున్నర దాటగానే వాలిపోతుంది కాబట్టి బీచ్‌లన్నీ ఉదయమే చూసేయాలి.

ఒక్క జాగ్రత్త. సముద్రం ఉగ్రంగా ఉంటే ఫెర్రీలు ఆపేస్తారు. అందుకే తిరుగు విమానానికి ముందు రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి. స్కూబా డైవింగ్ (ఆక్సిజన్ కాదు, గాలి సిలిండర్‌తో సముద్రం లోపలికి దిగడం) కోసమే వెళ్ళేవాళ్ళకు మాత్రం ఈ వానాకాలం చిట్కా పనికిరాదు. వానల్లో నీళ్ళు మసగ్గా ఉంటాయి, చాలా రోజులు అసలు దిగనివ్వరు.