వారానికో పేజీ: చేను, చుక్కలు, ఇల్లు కలిపి రాసుకోవడం ఎలా?

నాలుగేళ్ల కిందట జూన్ మొదట్లో ఒక సాయంత్రం గట్టి వాన కొట్టింది. తెల్లారేసరికి మేమంతా పత్తి గింజలు పెట్టేశాం. ఆ తర్వాత పన్నెండు రోజులు చినుకు లేదు, సగం గింజలు మట్టిలోనే మాడిపోయాయి. ఆ వాన ఎన్ని మిల్లీమీటర్లో మాలో ఒక్కరికీ తెలియదు. అప్పటినుంచి ప్రతి ఆదివారం రాత్రి ఒక పేజీ రాస్తున్నాను. మీరూ మొదలుపెట్టండి, అరగంట చాలు.

1. ముందు కార్తె రాయండి

పేజీ పైన తేదీ పక్కనే కార్తె పేరు ఉండాలి. గోడ క్యాలెండర్‌లో దొరుకుతుంది. ఒక్కో కార్తె 13, 14 రోజులుంటుంది కాబట్టి కార్తెకు రెండు పేజీలు వస్తాయి. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర వస్తాయి. వచ్చే ఏడాది అదే కార్తె పేజీ తీసి పక్కన పెట్టుకుంటే ఈసారి వాన ముందొచ్చిందా, వెనకబడిందా ఇట్టే తెలుస్తుంది.

2. వాన కొలవండి, మట్టి పట్టి చూడండి

అడుగు చదునుగా, గోడలు నిలువుగా ఉన్న గాజు సీసా ఒకటి చాలు. చెట్టుకీ చూరుకీ దూరంగా, ఆరుబయట పెట్టండి. రోజూ ఉదయం 8.30కి స్కేలుతో లోపలి నీటి ఎత్తు కొలిచి, సీసా ఖాళీ చేయండి. వాతావరణ శాఖ వాళ్లూ ఆ వేళకే కొలుస్తారు. ఒక్క మిల్లీమీటరు వాన అంటే ఎకరానికి సుమారు 4,000 లీటర్లు. వర్షాధారపు పత్తికి నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడేదాకా ఆగమని శాస్త్రవేత్తలు చెబుతారు. పక్క చేలో గింజ పడుతుంటే ఆగడం టెన్షనే, నాకు తెలుసు. కానీ చేతిలో లెక్క ఉంటే ఆగగలం.

తర్వాత బెత్తెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టి, కింద వేస్తే విడిపోతే పదును ఉన్నట్టు. వేళ్లకు అంటుకుంటే తడి ఎక్కువ, ఉండే కట్టకపోతే తక్కువ. ఆరుద్ర పురుగులు ఏ రోజు కనిపించాయో కూడా రాయండి. ఎర్ర మఖమల్ లాంటి ఆ పురుగును మా ఇంట్లో పిల్లలే ముందు పట్టుకొస్తారు.

3. డాబా ఎక్కండి

లైట్లు ఆర్పి, ఫోన్ పక్కన పెట్టి ఇరవై నిమిషాలు కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటు పడాలి.

చాలామంది రోహిణి కార్తెలో రోహిణి చుక్క కోసం వెతుకుతారు. అది కనిపించదు. సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్నాడు కాబట్టే కార్తెకు ఆ పేరు. చుక్క పగటి వెలుగులో మునిగి ఉంటుంది. ఆ రోజుల్లో పొద్దుగుంకాక ఆగ్నేయం వైపు చూడండి, జ్యేష్ఠ ఎర్రగా పైకొస్తుంటుంది. ఆకాశంలో అది రోహిణికి దాదాపు సరిగ్గా ఎదురు. నడినెత్తి దగ్గర స్వాతి, ఉత్తరాన సప్తర్షులు ఉంటాయి. రోహిణిని తీరిగ్గా చూడాలంటే డిసెంబర్, జనవరి సాయంత్రాలే మంచివి. పిల్లలకోడి, అంటే కృత్తికలు, దాని పక్కనే గుంపుగా కనిపిస్తాయి. ఇది తెలిశాక కార్తె అంటే క్యాలెండర్‌లో అచ్చేసిన పేరు మాత్రమే కాదనిపించింది నాకు. మన పెద్దలు ఆకాశాన్ని చూసే సేద్యం చేశారు.

చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టిందా? చెయ్యి చాచి జానతో కొలవండి. చంద్రుడి నుంచి వలయం దాకా జానెడు ఉంటే, అది ఎత్తైన మబ్బుల్లోని మంచు పలుకుల వల్ల ఏర్పడినది. ‘దూరపు గుడి దగ్గర వాన’ అంటారు, అంటే వలయం చంద్రుడికి దూరంగా కడితే వాన దగ్గర్లో ఉన్నట్టు. ప్రతిసారీ నిజం కాదు. గుడి కట్టిన తేదీ, తర్వాత వాన పడిన తేదీ రాస్తూ పోతే మీ ఊళ్లో ఎంత నిజమో తేలుతుంది.

4. ఇంటి సంగతులు మూడు వాక్యాల్లో

కూలి రేటు, టమాటా ధర, ఎవరికి జ్వరం, ఎవరొచ్చి వెళ్లారు. ఇంతే.

మా పేజీ ఒకటి ఇలా ఉంది: “ఆరుద్ర, మొదటి వారం. వాన రెండుసార్లు, కలిపి 31 మి.మీ. ఉండ కడుతోంది. మూడు రాత్రులు మబ్బు, శుక్రవారం జ్యేష్ఠ కనిపించింది. అమ్మకు మోకాలి నొప్పి. ఆవకాయ రెండో జాడీ తీశాం. గింజలు ఇంకా పెట్టలేదు.”