స్పాన్సర్ చేశాం, గిరాకీ రాలేదు: తేడా ఎక్కడ కొట్టింది?

నాది ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. వినాయక చవితికి పదిహేను రోజుల ముందు నుంచి మా మిషన్ ఆగదు. పండగ అయ్యాక, ఆ ఫ్లెక్సీల మీద పేరున్న షాపులవాళ్లే వచ్చి నా ముందు కూర్చుంటారు. "ఐదు వేలు బూడిదలో పోసిన పన్నీరయ్యాయి" అంటారు. తిప్పి తిప్పి వాళ్లు చెప్పే బాధలు ఇవే.

ఫ్లెక్సీ మీద పేరు వేశారు, ఎవరూ చూడలేదు

చూడలేదని కాదు, కనబడలేదు. ఫ్లెక్సీ ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. మధ్యలో దేవుడు, పైన నాయకులు, కింద రెండు వరుసల్లో కమిటీ కుర్రాళ్ల ఫొటోలు. మీ షాపు పేరు అట్టడుగున, చెక్క ఫ్రేముకు మేకులు కొట్టే చోట. ఒకసారి నా కళ్లముందే ఒక కిరాణా షాపు ఫోన్ నంబర్‌లో చివరి రెండంకెలు మడతలోకి పోయాయి. తొమ్మిది రోజులు అలాగే ఉంది.

డబ్బిచ్చే ముందు డిజైన్ వాట్సాప్‌లో తెప్పించుకోండి. మా పనిలో ఒక మోటు లెక్క ఉంది: పది అడుగుల దూరానికి అక్షరం అంగుళం ఎత్తుండాలి. రోడ్డు అవతల ముప్పై అడుగుల నుంచి చదవాలంటే మూడంగుళాలు కావాలి.

నన్నడిగితే (నా బేరానికి నేనే గండి కొట్టుకుంటున్నా) ఇరవై పేర్లలో ఒకటిగా ఉండటమే మానేయండి. అదే డబ్బుకు ఒక వస్తువు మొత్తం మీరే పట్టుకోండి. ప్రసాదం కవర్లు గానీ, ముగ్గుల పోటీ మొదటి బహుమతి గానీ, కబడ్డీ జట్టు టీషర్టులు గానీ. టీషర్టు ఏడాది పొడవునా వీధిలో తిరుగుతుంది. కవర్ల మీద మాత్రం దేవుడి బొమ్మ వేయించకండి. తిన్నాక కాళ్ల కింద పడుతుంది, తిట్లు మీకే.

జనం విరగబడ్డారు, షాపుకు మాత్రం రాలేదు

ముందు ఆ జనం మీవాళ్లేనా అని చూసుకోండి. లేడీస్ టైలరింగ్ షాపు నైట్ క్రికెట్ టోర్నమెంటుకు కప్పు ఇస్తే ఏం లాభం? జనం సరైనవాళ్లే అయినా, వాళ్లకు మీ గుమ్మం ఎక్కాల్సిన పని ఉండాలి.

మా వీధి చివర ఫ్యాన్సీ షాపు ఆవిడ సంక్రాంతి ముగ్గుల పోటీకి స్పాన్సర్ చేస్తూ ఒకే షరతు పెట్టింది: పేర్లు తన షాపులోనే రాయించుకోవాలి. పుస్తకం కౌంటర్ మీద పెట్టింది. అక్కడిదాకా రావాలంటే గాజుల స్టాండు దాటాలి. బహుమతులు వేదిక మీదే ఇచ్చారు కానీ, పాల్గొన్న అందరికీ ఇచ్చే రంగుల డబ్బా మాత్రం కనుమ తర్వాత వారంలోపు షాపుకొచ్చి తీసుకోవాలి. "అక్కా, రంగుల డబ్బా ఇస్తారట కదా" అంటూ వచ్చినవాళ్లలో ఉత్త చేతులతో వెళ్లినవాళ్లు తక్కువే.

లాభమో నష్టమో తెలియట్లేదు

లెక్క రాయకపోవడమే కారణం. ఒక్కో కార్యక్రమానికి ఒక్కో రంగు కూపన్ కొట్టించి, చివరి తేదీ వేయండి. వచ్చిన కూపన్లు డబ్బాలో వేసి, నెల చివర లెక్కపెట్టండి. 5,000 ఖర్చుకు 20 మంది కొత్తవాళ్లు వస్తే మనిషికి 250 పడింది. ఒకసారి కొంటే మీకు మిగిలేది 60 అయితే, వాళ్లు ఐదోసారి వచ్చేదాకా మీరు నష్టంలోనే ఉన్నట్టు. టిఫిన్ సెంటర్‌కు అది పది రోజుల పని. చెప్పుల షాపుకు ఏళ్లు పడుతుంది.

చలివేంద్రం పెట్టి చెడ్డపేరు తెచ్చుకున్నాం

మొదటి రోజు రిబ్బన్ కటింగ్, మజ్జిగ, ఫొటోలు. నాలుగో రోజుకు బోర్డు ఉంటుంది, కుండలో నీళ్లుండవు. మే ఎండలో గ్లాసు పట్టుకుని నిలబడ్డవాడు ముందు చదివేది ఆ బోర్డు మీది మీ పేరే. రోజూ నీళ్లు పోసే మనిషికి జీతం పక్కన పెట్టాకే బోర్డు రాయించండి. రెండు నెలలు నడపలేమనుకుంటే ఒక్క జాతర రోజు మజ్జిగ పోయండి, చాలు.

రోజూ ఎవరో ఒకరు చందా పుస్తకం పట్టుకొస్తున్నారు

ఉగాదికే ఏడాది మొత్తానికి ఇంత అని రాసుకోండి. "ఈసారికి స్కూల్ స్పోర్ట్స్ డే, గుడి ఉత్సవం ఒప్పుకున్నాం బాబూ" అంటే ఎవరూ పెద్దగా నొచ్చుకోరు. మరీ మొహమాటమైతే డబ్బు కాకుండా షాపులో సరుకివ్వండి.

ఒప్పుకున్నది ఒకటి, చేసింది ఒకటి

అంతా నోటిమాట మీద నడిస్తే ఇంతే. ఏమేం చేస్తారో వాట్సాప్‌లో పెట్టించుకుని, సగం ముందు, సగం అయ్యాక ఇవ్వండి. ఉత్త చందా రసీదు కాకుండా ప్రకటన ఖర్చని రాసిన బిల్లు అడగండి. ఒకే రోజు ఒకరికి 10,000 దాటి నగదు ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో వ్యాపార ఖర్చుగా ఒప్పుకోరు కాబట్టి బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపండి. మైకులో రోజుకు మూడుసార్లు మీ పేరు చెబుతామంటే, ఏ టైముకో కూడా రాయించుకోండి. పొద్దున్నే అయిదింటికి ఖాళీ పందిట్లో చెప్పినా మూడుసార్లే.