కాలేజీ గ్రౌండ్‌లో అమ్మాయిల టీమ్‌కి స్లాట్ ఎలా అడగాలంటే

బెంగళూరులో చదివే మన తెలుగమ్మాయిలు చాలామంది చెప్పేది ఒకటే, పొద్దున సాయంత్రం గ్రౌండ్ అబ్బాయిల క్రికెట్‌కే, త్రోబాల్ టీమ్‌కి మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండలో ఓ గంట, అదేంటని అడిగితే "అమ్మాయిలు ఎంతమంది వస్తారమ్మా" అంటారు. ఒళ్ళు మండుతుంది కదా. కానీ గొడవకి వెళ్ళకండి, లెక్కతో వెళ్ళండి, అమెరికా అమ్మాయిలు గెలిచింది అలాగే.

అక్కడ 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది, ప్రభుత్వ డబ్బు తీసుకునే కాలేజీ ఆడ మగ తేడా చూపకూడదని. చట్టం వచ్చింది గానీ స్నానాల గది రాలేదు! 1976లో యేల్ యూనివర్సిటీలో పడవ పందేల టీమ్ అమ్మాయిలు, ప్రాక్టీస్ అయ్యాక అబ్బాయిలు వేడినీళ్ళ స్నానం చేసి వచ్చేదాకా తడిబట్టలతో చలిలో బస్సులో కూర్చునేవాళ్ళు. చూసి చూసి 19 మంది ఒంటి మీద టైటిల్ నైన్ అని రాసుకుని, పేపర్ రిపోర్టర్ని వెంటబెట్టుకుని యూనివర్సిటీ స్పోర్ట్స్ ఆఫీసుకెళ్ళి బట్టలు విప్పి నిలబడ్డారు, వార్త దేశమంతా పాకింది.

1979లో అక్కడి ప్రభుత్వం ఏమేం పోల్చి చూడాలో జాబితా ఇచ్చింది, మనకి కావాల్సింది అదే. ఒక నోట్‌బుక్ తీసి రెండు వారాలు రాయండి, గ్రౌండ్ ఎవరికి ఏ టైమ్‌లో, కోచ్ ఎన్ని రోజులొచ్చారు, కిట్ కొత్తదా సీనియర్లు వదిలేసిందా, టోర్నమెంట్‌కి టీఏ డీఏ (ప్రయాణ ఖర్చు, రోజు భత్యం) ఎవరికెంత, ఆడటానికి వెళ్ళిన రోజులకి హాజరు వేసే ఓడీ ఎవరికి వెంటనే ఇచ్చారు, బట్టలు మార్చుకునే గది ఉందా. అబ్బాయిలది ఒక పక్క, మనది ఒక పక్క.

తర్వాత ఒక్క పేజీ లెటర్, పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సర్‌కి, కాపీ ప్రిన్సిపాల్‌కి, టీమ్ అంతా సంతకాలు పెట్టి అందినట్టు సీల్ వేయించుకోండి. అన్నీ ఒకేసారి అడక్కండి, ముందు స్లాట్ అడగండి, అబ్బాయిల టైమ్ తీసేయమని కాదు, రోజు మార్చి రోజు ఇమ్మని. అమెరికాలో కొన్ని కాలేజీలు లెక్క సరిచేయడానికి మగపిల్లల టీములు ఎత్తేస్తే ఆ కోపం అమ్మాయిల మీదకే వచ్చింది, ఆ తప్పు మనకెందుకు.

"అమ్మాయిలకి ఇంట్రెస్ట్ లేదు" అంటే? అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ కోర్టులో అదే వాదించింది, అవకాశం ఇస్తేనే ఆసక్తి పెరుగుతుందని 1996లో అప్పీల్ కోర్టు ఆ వాదన కొట్టేసింది. టైటిల్ నైన్ ఇక్కడ చెల్లదు, కానీ మన రాజ్యాంగం 15వ అధికరణ ఉంది, ప్రభుత్వ కాలేజీ అయితే అది లెటర్లో రాయండి. ఆ ప్రభుత్వ కాలేజీ అప్పటికీ కదలకపోతే పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేసి స్పోర్ట్స్ ఖర్చు అమ్మాయిలకెంత అబ్బాయిలకెంత అని అడగండి, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. కర్ణాటకలో ఒక దరఖాస్తులో ఒక్క విషయమే అడగాలి, అదీ మామూలుగా 150 పదాల్లోపు రాయాలి.

స్లాట్ ఇచ్చారా, వెంటనే టైమ్‌టేబుల్ నోటీసు బోర్డు మీద పెట్టించండి, నోటిమాటగా ఇచ్చింది సెమిస్టర్ మారగానే పోతుంది.