గాంధీ హత్య మీద చర్చకు కూర్చునే ముందు

డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్లు చరిత్ర చెప్పాను. ఏటా జనవరి 30న మా క్లాసులో చర్చ పెట్టేదాన్ని. గాడ్సే ఎందుకు చంపాడు అని అడగ్గానే ఎవరో ఒకరు లేచి "పాకిస్తాన్‌కి 55 కోట్లు ఇప్పించారని" అనేవాళ్లు. మిగతావాళ్లు తలూపేవాళ్లు. నాకది బాధగా ఉండేది. అందుకే వాదన మొదలుకాకముందే బోర్డు మీద తేదీలు రాయించేదాన్ని. మీరూ అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

1948 జనవరి 13న గాంధీ నిరాహారదీక్షకు కూర్చున్నారు. దేశ విభజనలో పాకిస్తాన్ వాటాగా ఇవ్వాల్సిన 75 కోట్లలో 20 కోట్లు అప్పటికే ముట్టాయి. ఆపిపెట్టిన 55 కోట్లూ ఇస్తామని ప్రభుత్వం చెప్పింది 15న. గాడ్సే తన బీమా పాలసీలకు నామినీలను రాసింది 13, 14 తేదీల్లో. డబ్బు సంగతి తేలకముందే చావుకు సిద్ధపడ్డాడన్నమాట. 18న దీక్ష విరమింపజేయడానికి ఢిల్లీ నాయకులు ఒప్పుకున్న ఏడు షరతుల్లోనూ ఆ డబ్బు ఊసు లేదు. మెహ్రౌలీ దర్గాలో ఉర్సు ఎప్పటిలా జరగాలి, మసీదులు ముస్లింలకు తిరిగి అప్పగించాలి, ఇలాంటివి ఉన్నాయి. ఆ ఏడు షరతులూ క్లాసులో పైకి చదివించండి, రెండు నిమిషాలు పట్టదు.

డబ్బు ఆపడం గాంధీకి నచ్చలేదు కదా అని ఎదుటివాళ్లు అంటారు. నిజమే, ఒప్పుకోండి. గాడ్సే కోపానికి అదొక కారణం కావచ్చు. అదొక్కటే కారణమంటే మాత్రం తేదీలు చూపించండి.

1934లో పూనాలో గాంధీ మీద బాంబు వేశారు. అప్పటికి పాకిస్తానే లేదు. అంటరానితనానికి వ్యతిరేకంగా ఆయన ఊరూరా తిరుగుతున్న రోజులవి. గాంధీ మీద ద్వేషం ఎంత పాతదో చెప్పడానికి ఈ సంగతి పనికొస్తుంది. కానీ వేసిందెవరో తేలలేదు. తెచ్చి గాడ్సే తలకు చుట్టొద్దు.

ఇక ఎర్రకోటలో జరిగిన విచారణలో కోర్టు ముందు గాడ్సే చదివిన వాంగ్మూలం. చాలామంది దాన్నే ప్రమాణంగా తీసుకుంటారు. ఉరి ఎదురుగా ఉన్న మనిషి తన పనిని సమర్థించుకుంటూ రాసుకున్న మాటలవి. చంపింది తానొక్కడినే అన్నాడు. మరి పది రోజుల ముందు, జనవరి 20న, గాంధీని చంపిన అదే బిర్లా హౌస్‌లో అతని ముఠాలోని మదన్‌లాల్ పహ్వా బాంబు పేల్చాడు కదా? ఆ ముఠాలోనే ఉండి, తర్వాత అప్రూవర్‌గా మారిన బడ్గే చెప్పిన కథ కూడా వేరు. కోర్టు కుట్ర జరిగిందనే తేల్చింది.

ఇదే కేసులో నిందితుడైన హిందూ మహాసభ నాయకుడు సావర్కర్ పేరు వచ్చేసరికి గొంతులు లేస్తాయి. 1949లో కోర్టు ఆయన్ని నిర్దోషిగా వదిలింది. హత్య వెనుక కుట్రపై ప్రభుత్వం వేసిన కపూర్ కమిషన్ 1969 నాటి నివేదిక ఆయన వైపు వేలు చూపింది. రెండూ ఒకే మనిషి చేత చదివించండి, ఒకదాని వెంట ఒకటి.