ఇంటి నుంచి పాత వస్తువుల ఆన్‌లైన్ వ్యాపారం: నల్లగొండ, పాలమూరు వారికి ఒక మార్గదర్శి

వాడిన వస్తువులను కొని, శుభ్రం చేసి, ఫోన్ ద్వారా తిరిగి అమ్మే వ్యాపారానికి మడిగె కిరాయి అక్కరలేదు, పెద్ద పెట్టుబడి కూడా అక్కరలేదు. అయితే కొత్త సరుకు అమ్మేవారికి కంపెనీ పేరూ గ్యారంటీ కాగితమూ అండగా ఉంటాయి. పాత సరుకు అమ్మేవారికి తమ మాట తప్ప మరో అండ లేదు. ఈ వస్తువు ఎవరి దగ్గరి నుంచి వచ్చింది, ఇందులో ఏ లోపం ఉంది అనే రెండు ప్రశ్నలకు, కొనేవారు అడగకముందే జవాబు చెప్పగలిగినవారే ఇందులో నిలుస్తారు. కింది సూచనలన్నిటికీ ఆ రెండు ప్రశ్నలే ఆధారం.

ఏ సరుకుతో మొదలుపెట్టాలి

దొరికినదల్లా కొనడం వల్ల ఇల్లు నిండుతుంది గాని వ్యాపారం సాగదు. మొదటి ఏడాది ఒకే రకం సరుకును ఎంచుకుని, దాని మంచిచెడ్డలు చేతితో తాకి చెప్పగలిగేంతగా నేర్చుకోవడం మేలు. పెట్టుబడి తక్కువగా ఉన్నవారికి నేను మొదట సూచించేది పుస్తకాలు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. పోటీ పరీక్షలకు చదివేవారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వేసవి సెలవులకు ముందు హాస్టల్ గదులు ఖాళీ చేసేటప్పుడు విద్యార్థులు ఇంటర్, ఎప్‌సెట్, డిగ్రీ పుస్తకాలను తక్కువ ధరకు వదిలించుకుంటారు. అవే పుస్తకాలకు జూన్ నుంచి గిరాకీ మొదలవుతుంది.

పుస్తకం కొనే ముందు అది ఏ సంవత్సరపు ముద్రణో తప్పక చూడాలి. తెలంగాణలో 31 జిల్లాలున్నాయని చెప్పే గ్రూప్స్ పుస్తకం, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట, ములుగు చేరి జిల్లాలు 33 కావడానికి ముందుది. 2024 జూలై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది కాబట్టి, పాత శిక్షాస్మృతిని మాత్రమే వివరించే న్యాయశాస్త్ర పుస్తకానికి పరీక్షల విద్యార్థుల్లో గిరాకీ బాగా తగ్గింది. ఇటువంటి పుస్తకాన్ని కొత్తదని నమ్మించి అమ్మితే చదువుకునే పిల్లల ఏడాది పాడవుతుంది; కనుక ముద్రణ సంవత్సరం ఉన్న పేజీని ప్రకటనలో ఫోటోగా పెట్టడం నియమంగా చేసుకోవాలి.

కూలర్లు, మంచాలు, బీరువాల వంటివి ఊరు దాటించడం కష్టం కాబట్టి వాటిని స్థానికంగానే అమ్మాలి. కూలర్‌ను వానాకాలంలో కొని మార్చిలో అమ్మితే గిట్టుబాటవుతుంది. అయితే బోరు నీటి లవణాలు పేరుకుని పంపు మూసుకుపోయిందేమో నీళ్లు పోసి నడిపించి చూడకుండా కొనకూడదు.

చేనేత చీరలు

మన ప్రాంతానికి సహజంగా అమరిన సరుకు ఇది. ఉమ్మడి నల్లగొండలోని పోచంపల్లి, పుట్టపాక, ఉమ్మడి పాలమూరులోని గద్వాల, నారాయణపేట నేతలకు దేశమంతటా పేరుంది. ఈ జిల్లాల ఇళ్లలో ఒకటి రెండుసార్లు కట్టి బీరువాలో దాచిన చీరలు ఎన్నో ఉంటాయి. వాటిని సరిగా గుర్తించగల చూపు సంపాదించుకుంటే, హైదరాబాద్‌లో కూర్చున్న వ్యాపారికి లేని అనుకూలత మీకు దక్కుతుంది.

పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు గాని పట్టుకు గాని నేతకు ముందే కట్లు కట్టి రంగులద్దుతారు కాబట్టి, డిజైన్ చీరకు రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, దాని అంచులు కొద్దిగా చెదిరినట్లు ఉంటాయి. వెనుక వైపు రంగు వెలిసినట్లుండి, గీతలు మరీ పదునుగా ఉంటే అది ఇక్కత్‌ను అనుకరించిన ప్రింటు కావడానికే అవకాశం ఎక్కువ. గద్వాల చీరలో సాధారణంగా నడిమి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండూ కలిసే చోట నేత బలహీనపడి విడిపోతుంది గనుక ఆ అతుకు వెంట మొదటి నుంచి చివరి దాకా వేలితో తడిమి చూడాలి. పట్టుచీరను ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచితే మడత గీతల దగ్గర పట్టు చిట్లుతుంది. చీరను పూర్తిగా విప్పి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నని చిరుగులు కూడా కనిపిస్తాయి. ఫాల్ కింద అరిగిన భాగం దాగి ఉంటుంది కాబట్టి ఆ వైపు కూడా మడిచి చూడాలి.

పట్టు అవునో కాదో తెలియనప్పుడు, అమ్మేవారి అనుమతితో కొంగు చివర ఒక పోగు తీసి కాల్చి చూడవచ్చు. పట్టు పోగు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుస్తుంది. సింథటిక్ పోగు కరిగి గట్టి ఉండ కడుతుంది. నూలు కాగితంలా కాలుతుంది. అసలైన జరీ అంటే వెండి తీగకు బంగారు పూత. పాత పట్టుచీరలను ఈ వెండి కోసమే కొనేవారు వీధుల్లో తిరుగుతూ ఉంటారు. నేత చెక్కుచెదరని చీరను వారి చేతికి ఇస్తే అది కాలి కరిగిపోతుంది. అదే చీరను కట్టుకునేవారికి చేర్చగలిగితే ఇచ్చిన కుటుంబానికీ మీకూ మెరుగైన ధర వస్తుంది, నేతగాని శ్రమ కూడా మిగులుతుంది. ఈ వ్యాపారంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే భాగం ఇదే.

ఇతరులు కట్టిన చీరను శుభకార్యానికి కట్టుకోని కుటుంబాలు ఉన్నాయి. ఆ పట్టింపును గౌరవించి, చీర వాడినదన్న సంగతి ప్రకటన మొదటి వాక్యంలోనే చెప్పాలి. చిరిగిన పట్టుచీరను చీరగా కాక, ఆడపిల్లల లంగాలకు పనికివచ్చే బట్టగా, ఎన్ని మీటర్లు బాగుందో కొలిచి అమ్మవచ్చు. పోచంపల్లి ఇక్కత్, గద్వాల, నారాయణపేట చీరలకు భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందనే చట్టపరమైన నమోదు) ఉంది కాబట్టి ప్రింటు చీరకు ఆ పేర్లు పెట్టడం మోసమే కాదు, చట్టవిరుద్ధం కూడా.

జాగ్రత్త పడవలసిన సరుకు

వాడిన ఫోన్లలో లాభం కనిపిస్తుంది గాని, కొత్తగా మొదలుపెట్టేవారు వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. అయినా కొనవలసి వస్తే, ఫోన్‌లో స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే కనిపించే 15 అంకెల ఐఎంఈఐ అనే ఫోన్ గుర్తింపు సంఖ్యను బిల్లుతోనూ డబ్బాతోనూ సరిపోల్చాలి. తర్వాత ఇంగ్లిషు అక్షరాల్లో KYM అని రాసి, ఖాళీ వదిలి, ఆ సంఖ్యను చేర్చి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఆ ఫోన్ వివరాలు తెలుస్తాయి. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోనూ ఇదే చూడవచ్చు. బ్లాక్ అయినదని వస్తే కొనకూడదు. అమ్మే వ్యక్తి మీ ఎదుటే తన గూగుల్ లేదా యాపిల్ ఖాతాను తొలగించి, ఫోన్‌ను రీసెట్ చేసిన తర్వాతే డబ్బు ఇవ్వాలి. దొంగసొత్తు అని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని దాన్ని దురుద్దేశంతో తీసుకుంటే, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. మార్కెట్ ధరలో నాలుగో వంతుకే ఇస్తానని తొందరపెట్టడాన్ని అటువంటి కారణంగా పోలీసులు చూపవచ్చు.

పాత నాణేలు, విగ్రహాలు, తాళపత్రాల విషయంలో మరొక చట్టం ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలు, శిల్పాలు, కళాఖండాలు, డెబ్బై అయిదేళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు. నిజాం కాలపు నాణేలు మన ఇళ్లలో కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గ్యాస్ సిలిండర్ కంపెనీ ఆస్తి, అమ్మకూడదు. మందులు, దెబ్బ తిన్న హెల్మెట్లు ఎంత చవకగా వచ్చినా తీసుకోకూడదు.

కొనడం, ధర కట్టడం

ఉద్యోగుల బదిలీలప్పుడు, పిల్లల చదువుల కోసం కుటుంబాలు హైదరాబాద్‌కు మారేటప్పుడు మంచి సరుకు బయటికి వస్తుంది. మొదట బంధువులు, ఇరుగుపొరుగు వారి దగ్గరే కొనడం వల్ల సరుకు చరిత్ర తెలుస్తుంది. ఎవరి దగ్గర కొన్నా పేరు, ఫోన్ నంబరు, తేదీ, వస్తువు వివరం, చెల్లించిన మొత్తం, అది తమ సొంతమేనన్న ఒక వాక్యం రాయించి సంతకం తీసుకోవాలి. దగ్గరివారిని అడగడానికి మొహమాటం అనిపించవచ్చు. అందరి దగ్గరా తీసుకునే అలవాటే ఆ మొహమాటాన్ని పోగొడుతుంది.

ధర విషయంలో లెక్క ఇలా చూడాలి. ఒక గద్వాల చీరను 1,200 రూపాయలకు కొన్నారనుకుందాం. డ్రైక్లీనింగ్‌కు 200, ప్యాకింగ్‌కు 40, పంపడానికి 120 అయితే మొత్తం 1,560. దాన్ని 2,000కు అమ్మితే 440 మిగులుతుంది. ఇటువంటి పది చీరల్లో ఎనిమిది అమ్ముడై రెండు ఇంట్లోనే ఉండిపోతే, ఎనిమిదింటి లాభం 3,520లో ఆ రెండింటి కొనుగోలుకూ డ్రైక్లీనింగ్‌కూ పెట్టిన 2,800 ఇరుక్కుని, చేతికి వచ్చేది 720 మాత్రమే. అదే చీరను 1,000కి కొని ఉంటే లాభం 5,120, ఇరుక్కున్నది 2,400, చేతికి 2,720 వచ్చేది. కొనేటప్పుడు ఒక్కో చీరపై రెండు వందల బేరం చివరికి ఇంత తేడా తెస్తుంది. ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లలో కనిపించేవి అమ్మేవారు అడుగుతున్న ధరలే, అమ్ముడైన ధరలు కావు. నెలల తరబడి కదలని ప్రకటనను చూసి ధర నిర్ణయించుకోకూడదు.

ఫోటోలు, వివరణ

ట్యూబులైటు కింద తీసిన ఫోటోలో రంగు మారిపోతుంది. ఉదయం పూట, ఎండ నేరుగా పడని వరండాలో, తెల్లని దుప్పటి పరచి ఫోటో తీయాలి. ముందు వైపు, వెనుక వైపు, అంచు, కొంగు, ఆ తర్వాత లోపం. లోపం పక్కన రూపాయి బిళ్ల ఉంచితే దాని పరిమాణం తెలుస్తుంది. వివరణ ఈ రీతిగా ఉండవచ్చు: “వాడిన గద్వాల నూలు చీర, పట్టు అంచు, పట్టు కొంగు. రెండుసార్లు కట్టినది. పొడవు అయిదున్నర మీటర్లు, జాకెట్ ముక్క లేదు. కొంగుకు జానెడు దూరంలో శనగగింజంత నూనె మరక ఉంది, అయిదో ఫోటో చూడండి. డ్రైక్లీనింగ్ చేయించాం. ధర 2,000 రూపాయలు, పంపే ఖర్చు మాదే.” ఇంతకంటే పొగడ్త అవసరం లేదు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పినట్లు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. మరకను ముందే చూపించినవారికి ఆ పేచీయే రాదు.

డబ్బు, భద్రత, పార్సిల్

వ్యాపారానికి వేరే సిమ్ తీసుకుని, అందులో వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే సొంత నంబరు బయటపడదు, సరుకు జాబితాను కూడా ఫోటోలతో ఉంచవచ్చు. ఇంటి చిరునామా ఎవరికీ ఇవ్వకూడదు. స్థానికంగా అప్పగించవలసి వస్తే పగటి పూట, బస్టాండు వంటి జనం ఉన్న చోట, తోడు తీసుకుని వెళ్లాలి. సైనికాధికారినని చెప్పి, వస్తువును చూడకుండానే ఒప్పుకుని, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనేవారు మోసగాళ్లు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎన్నడూ అవసరం లేదు. చెల్లించామని పంపే స్క్రీన్‌షాట్‌ను కాక, మీ బ్యాంకు ఖాతాలో జమ అయిందో లేదో చూసుకున్నాకే సరుకు కదిలించాలి. మోసపోయినట్లు తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బును ఆపడం కష్టమవుతుంది.

హైదరాబాద్‌కు, పొరుగు జిల్లాలకు ఆర్టీసీ కార్గో అనుకూలం. దూరానికి స్పీడ్ పోస్టు గాని కొరియర్ గాని వాడవచ్చు. చీరను ముందు ప్లాస్టిక్ కవరులో, తర్వాత అట్టపెట్టెలో పెట్టాలి. ప్యాక్ చేస్తున్నప్పుడు ఒక చిన్న వీడియో తీసి ఉంచుకుంటే తర్వాత వివాదం వచ్చినప్పుడు ఆధారంగా పనికివస్తుంది.

పన్నులు, లెక్కలు

సరుకుల అమ్మకంపై జీఎస్టీ నమోదు పరిమితి చాలా రాష్ట్రాల్లో 40 లక్షలు అయినా, తెలంగాణలో 20 లక్షల రూపాయలే. అయితే పన్ను వర్తించే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే, హస్తకళా వస్తువులకున్న కొన్ని మినహాయింపులు తప్ప, ఈ పరిమితి వర్తించక మొదటి అమ్మకం నుంచే నమోదు అవసరమవుతుంది. కనుక అకౌంటెంటును అడిగేవరకు అమ్మకాలను తెలంగాణలోనే ఉంచుకోండి. అచ్చు పుస్తకాలపై జీఎస్టీ లేదు కాబట్టి, పుస్తకాలు మాత్రమే అమ్మేవారికి ఈ చిక్కు ఉండదు. నమోదైన తర్వాత కూడా, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మినహాయించుకోవడం) తీసుకోని పాత సరుకుపై జీఎస్టీ నియమాల్లోని 32(5) ప్రకారం కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడాపైనే పన్ను లెక్కించవచ్చు. ఆ తేడాను రుజువు చేసేది మీరు రాయించుకున్న కొనుగోలు కాగితమే. చిన్న వ్యాపారాల కోసం కేంద్ర ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, దానికి ఎవరికీ రుసుము చెల్లించనవసరం లేదు.

ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇచ్చి, కొన్న తేదీ, ధర, ఖర్చులు, అమ్మిన తేదీ, వచ్చిన మొత్తం నోటుపుస్తకంలో ఒకే వరుసలో రాయాలి. మూడు నెలలు దాటినా కదలని వస్తువు ధర తగ్గించాలి, ఆరు నెలలకు కొన్న ధరకైనా వదిలేయాలి. ఆ వరుస చివర అది ఎందుకు ఆగిందో ఒక మాట రాసి పెట్టుకుంటే, మళ్లీ అటువంటిది ఎదురైనప్పుడు ఎంతకు అడగాలో ఆ పుస్తకమే చెబుతుంది.